టర్బో ఇంజిన్‌కు నీళ్లెందుకు? మిథనాల్ పిచికారీ, ఎగ్జాస్ట్ ట్యూనింగ్ వెనుక ఉన్న లెక్క

టర్బో స్పోర్ట్స్ కారు శక్తి పెంచుకోవాలనుకునేవారు చాలామంది ముందుగా పెద్ద ఎగ్జాస్ట్ వేయిస్తారు, కొన్నాళ్లకు నీరు–మిథనాల్ ఇంజెక్షన్ కిట్ బిగిస్తారు, ఆపైన ఏది ఎన్ని హార్స్‌పవర్ ఇచ్చిందని విడివిడిగా లెక్క కడతారు. ఆ లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది. నీరు మండదు కాబట్టి శక్తినివ్వదు. మిథనాల్ మండుతుంది గానీ, పిచికారీ అయ్యే కొద్దిపాటి మోతాదుతో అది అదనంగా ఇచ్చే వేడి స్వల్పమే. ఎగ్జాస్ట్ గొట్టం బయటికి పోయే వాయువుకు దారి ఇస్తుంది తప్ప లోపలికి గాలిని తోయదు. ఇవి రెండూ చేసే అసలు పని ఒకటే: ఇంజిన్‌లో నాక్ మొదలయ్యే హద్దును కొంత దూరం జరపడం. అలా దొరికిన వెసులుబాటును శక్తిగా మార్చేవి ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వేసే క్షణం), బూస్ట్ (బయటి పీడనానికి పైన టర్బో కల్పించే అదనపు పీడనం), ఇంధన మ్యాపులు (ఎంత పెట్రోలు పోయాలో ఇంజిన్ కంప్యూటర్ చూసుకునే పట్టికలు). అందువల్ల కిట్ బిగించి మ్యాపును ముట్టుకోకుండా వదిలేసిన కారు చాలాసార్లు మునుపటికంటే మందకొడిగా నడుస్తుంది.

నాక్ అంటే ఏమిటో ముందు స్పష్టంగా చూడాలి. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ గోడల వైపు విస్తరిస్తుంది. మంట తన దాకా రాకముందే, అంచుల్లో మిగిలిన గాలి–పెట్రోలు మిశ్రమం వేడికీ పీడనానికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే దాన్ని నాక్ అంటాం. అప్పుడు పుట్టే పీడన తరంగాలు పిస్టన్ రింగుల మధ్య ఉండే పలుచని లోహపు అంచులను విరగ్గొడతాయి, హెడ్ గ్యాస్కెట్‌ను దెబ్బతీస్తాయి. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) తగ్గుతుంది, దహనం ఆలస్యంగా ముగియడం వల్ల ఎగ్జాస్ట్ వాయువు మరింత వేడెక్కుతుంది. టర్బో ఇంజిన్లలో ఎక్కువ భాగం అధిక బూస్ట్ దగ్గర తమ గరిష్ఠ టార్క్ ఇచ్చే టైమింగ్‌ను ఎప్పుడూ చేరుకోవు. నాక్ వాటిని అంతకుముందే ఆపేస్తుంది.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం: రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 1.4 బార్ బూస్ట్, 7,000 ఆర్‌పీఎం. బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, పీడనాన్ని 2.4 రెట్లు పెంచే కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే చక్రం), 72 శాతం సామర్థ్యంతో పనిచేసినా, గాలిని దాదాపు 150 డిగ్రీలకు చేరుస్తుంది. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చే రేడియేటర్) అదనపు వేడిలో ముప్పావు వంతు తీసేసిందనుకుంటే ఇంజిన్ దాకా వచ్చేసరికి గాలి 60 డిగ్రీలు ఉంటుంది. ఈ పరిస్థితిలో ఇంజిన్ సెకనుకు సుమారు 280 గ్రాముల గాలి పీలుస్తుంది; ఒక వంతు పెట్రోలుకు పదకొండున్నర వంతుల గాలి చొప్పున సెకనుకు 24 గ్రాముల పైచిలుకు, అంటే నిమిషానికి దాదాపు రెండు లీటర్ల పెట్రోలు కావాలి. పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 వంతుల గాలి చాలు. మిగిలిన పెట్రోలు మండటానికి కాదు, సిలిండర్‌ను, టర్బైన్‌ను (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ కంప్రెసర్‌ను నడిపే చక్రాన్ని) చల్లబరచడానికే పోస్తున్నాం. చల్లబరచడానికి పెట్రోలు చాలా నాసిరకపు ద్రవం అన్నదే నీటి ఇంజెక్షన్ కథకు మూలం.

ఒక గ్రాము పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 జౌళ్ల వేడి తీసుకుంటుంది. మిథనాల్ 1,150 జౌళ్ల దాకా, నీరు 2,400 జౌళ్ల దాకా తీసుకుంటాయి. అంటే గ్రాముకు గ్రాము చూస్తే నీరు పెట్రోలుకంటే దాదాపు ఏడు రెట్లు చల్లబరుస్తుంది. మరి ఉత్త నీరే వాడకూడదా? వాడవచ్చు, వాడిన కార్లూ ఉన్నాయి. మిథనాల్ కలపడానికి కారణాలు వేరు. అది నీటికంటే త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఇన్‌టేక్ గొట్టంలోనే గాలిని చల్లబరచడం మొదలుపెడుతుంది. నాక్‌ను తట్టుకునే గుణం దానికి స్వతహాగా ఎక్కువ. మండుతుంది కాబట్టి దహనాన్ని నీరంతగా మందగింపజేయదు. చలి దేశాల్లో ట్యాంకు గడ్డకట్టదు. ఘనపరిమాణంలో సగం నీరు, సగం మిథనాల్ అన్న నిష్పత్తి స్థిరపడటానికి ఈ గుణాలన్నీ కారణమే. మిథనాల్ పాలు ఇంకా పెంచితే లాభం మెల్లగా, అగ్నిప్రమాదం వేగంగా పెరుగుతాయి. రోడ్డు మీద తిరిగే కారుకు సగం దాటించడం అవసరమని నేననుకోను.

పై ఉదాహరణలో పెట్రోలు బరువులో 15 శాతం మేర ఈ మిశ్రమాన్ని పిచికారీ చేస్తే సెకనుకు మూడున్నర గ్రాముల పైచిలుకు, నిమిషానికి సుమారు 240 మిల్లీలీటర్లు అవుతుంది. అదంతా వాల్వ్ చేరేలోపే ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత 24 డిగ్రీల వరకూ పడిపోవాలి. నిజానికి అంత సమయం దొరకదు. గణనీయమైన భాగం సన్నని తుంపరగానే సిలిండర్లోకి వెళ్లి, పిస్టన్ మిశ్రమాన్ని నొక్కుతున్న దశలో ఆవిరవుతుంది. గాలి సాంద్రత పెంచే లాభం అంతమేరకు తగ్గినా, నాక్ పుట్టే చోటనే వేడిని లాగేయడం వల్ల మనకు కావలసిన పని మాత్రం బాగానే జరుగుతుంది. ఆవిరి కూడా చోటు ఆక్రమిస్తుంది కదా, గాలి తగ్గదా అని కొందరు అడుగుతారు. తగ్గుతుంది, కానీ పై మోతాదుకు ఆ ఆవిరి ఆక్రమించే చోటు రెండు శాతం లోపే. 24 డిగ్రీల చల్లదనం పూర్తిగా దక్కితే సాంద్రత ఏడు శాతం దాకా పెరుగుతుంది. బేరం మనవైపే ఉంది.

టర్బైన్‌కు ముందూ వెనుకా

ఇక ఎగ్జాస్ట్ సంగతి. ఇంజిన్‌కు కొంత వెనుక ఒత్తిడి ఉండాలని, లేకపోతే టార్క్ పోతుందని ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. టర్బో లేని ఇంజిన్లలో గొట్టం పొడవు, వ్యాసాలను బట్టి ఏర్పడే పీడన తరంగాలను ఎవరో వెనుక ఒత్తిడిగా పొరబడటం వల్ల వచ్చిన నమ్మకం అది. టర్బైన్ తర్వాతి గొట్టం విషయంలో దానికి చోటే లేదు. అక్కడ పీడనం ఎంత తక్కువైతే అంత మంచిది, శబ్దం, స్థలం, చట్టం అనుమతించినంత మేరకు.

ఎందుకన్నది కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే డౌన్‌పైప్ (టర్బైన్ వెంటనే వచ్చే ఎగ్జాస్ట్ గొట్టం) మారిస్తే అంత తేడా ఎందుకొస్తుందో ఈ ఒక్క లెక్కలోనే తెలుస్తుంది. టర్బైన్ కంప్రెసర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి దాని ముందున్న పీడనం, వెనుక ఉన్న పీడనాల తేడా మీద కాక, వాటి నిష్పత్తి మీద ఆధారపడుతుంది. మన ఇంజిన్‌కు 1.4 బార్ బూస్ట్ కోసం ఆ నిష్పత్తి 2 కావాలనుకుందాం. ఇరుకైన డౌన్‌పైప్, పాత క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే భాగం), సైలెన్సర్ కలిసి టర్బైన్ వెనుక 1.4 బార్ పరమ పీడనాన్ని (శూన్యం నుంచి కొలిచిన పీడనాన్ని) నిలబెడుతుంటే, ముందు 2.8 బార్ ఉండాలి. వెడల్పాటి గొట్టంతో వెనుక పీడనం 1.15 బార్‌కు దిగితే ముందు 2.3 బార్ చాలు. వెనుక తగ్గించింది పావు బార్, ముందు తగ్గింది అర బార్. పైగా ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో పరమ పీడనం 2.4 బార్ కాబట్టి, మొదటి పరిస్థితిలో ఎగ్జాస్ట్ వైపు పీడనం ఎక్కువగా ఉంది, రెండో పరిస్థితిలో ఇన్‌టేక్ వైపుది ఎక్కువైంది. రెండు వాల్వ్‌లూ కొద్దిగా తెరిచి ఉండే క్షణంలో మొదటి ఇంజిన్‌లో కాలిన వాయువు సిలిండర్లోకి వెనక్కి తన్నుకొస్తుంది. రెండోదాంట్లో తాజా గాలి దాన్ని బయటికి ఊడ్చేస్తుంది. వందల డిగ్రీల వేడితో సిలిండర్లో మిగిలిపోయే ఆ పాత వాయువే నాక్‌కు పెద్ద ప్రేరేపకం. నీరు బయటి నుంచి వచ్చే గాలి వేడిని తగ్గిస్తే, మంచి ఎగ్జాస్ట్ లోపల మిగిలిన వేడిని తగ్గిస్తుందన్నమాట.

టర్బైన్‌కు ముందు, అంటే సిలిండర్ల నుంచి వాయువును టర్బైన్‌కు చేర్చే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దగ్గర, సూత్రం తారుమారవుతుంది. అక్కడ వాయువు వేడిని, వేగాన్ని కాపాడాలి. అనవసరంగా పెద్ద గొట్టాలు వేస్తే టర్బో ఆలస్యంగా పుంజుకుంటుంది. 1-3-4-2 క్రమంలో మండే ఇంజిన్‌లో 1, 4 సిలిండర్లను ఒక దారికి, 2, 3 సిలిండర్లను మరో దారికి కలిపే ట్విన్ స్క్రోల్ అమరికలో ఒక సిలిండర్ వదిలిన పీడన తరంగం పక్కదాని పనిని చెడగొట్టదు. అయితే కంపెనీ ఇచ్చిన మేనిఫోల్డ్ పగిలితేనో, టర్బోను పెద్దదానికి మారిస్తేనో తప్ప దాని జోలికి వెళ్లడంలో ఖర్చుకు తగ్గ ఫలితం అరుదు. డౌన్‌పైప్ మీద పెట్టిన డబ్బు ఎక్కువ పనిచేస్తుంది.

డౌన్‌పైప్ కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే చూడకూడదు. టర్బైన్ నుంచి వాయువు సుడులు తిరుగుతూ వస్తుంది. గొట్టం మొదట్లోనే ఇరుకై మలుపు తిరిగితే ఆ తర్వాత మూడంగుళాలున్నా ప్రయోజనం తక్కువ. లోపలి వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా కొంత వాయువును టర్బైన్ పక్కనుంచి మళ్లించే తలుపు) ఉన్న టర్బోలో వేస్ట్‌గేట్ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి గొట్టంలో చోటుండాలి, అక్కడి నుంచి వచ్చే వాయువు టర్బైన్ ప్రవాహాన్ని అడ్డంగా కొట్టకూడదు. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పూర్తిగా తీసేయడం చాలా దేశాల్లో రోడ్డు వాహనాలకు చట్టవిరుద్ధం. ఎక్కువ ప్రవాహాన్ని అనుమతించే పలుచని గూళ్ల కన్వర్టర్ వేస్తే నష్టపోయేది చాలా స్వల్పం. తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఆ స్వల్పం ఎంతో కొలిచి చూపించడం అరుదు. కొలవడం కష్టమేమీ కాదు: మొదటి లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని అంచనా వేసేది) బిగించే రంధ్రంలో తాత్కాలికంగా ఒక లోహపు గొట్టం ద్వారా పీడన మీటరు కలిపి, పూర్తి బూస్ట్‌లో ఒకసారి నడిపితే టర్బైన్ వెనుక పీడనం ఎంతో తెలిసిపోతుంది. బయటి పీడనంకంటే అది 0.1 బార్‌కు మించకపోతే ఎగ్జాస్ట్ మీద ఇక ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఒకటి మారిస్తే మరొకటి కదులుతుంది

ఇక్కడే చిక్కుముడి. టర్బైన్‌ను తిప్పేది వేడి వాయువు. నీరు పిచికారీ చేసి, ఆ వెసులుబాటుతో స్పార్క్‌ను ముందుకు జరిపితే దహనం ముందే ముగుస్తుంది, ఎగ్జాస్ట్ చల్లబడుతుంది. పెట్రోలు టర్బోలకు సాధారణంగా 950 నుంచి 1,050 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక గీత ఉంటుంది కాబట్టి టర్బైన్ ఆయుష్షుకు అది మేలే. కానీ చల్లబడిన వాయువులో టర్బైన్ తీసుకోగల శక్తీ తగ్గుతుంది, కాబట్టి అదే వేస్ట్‌గేట్ అమరికకు బూస్ట్ కొంచెం పడిపోవచ్చు. చూసేవారికి నీళ్ల వల్ల బూస్ట్ పోయిందనిపిస్తుంది. పోయింది బూస్టే గానీ టార్క్ కాదు. వేస్ట్‌గేట్ డ్యూటీని (దాన్ని మూసి ఉంచడానికి ఈసీయూ ఇచ్చే సంకేతాన్ని) రెండు మూడు శాతం పెంచితే బూస్ట్ తిరిగి వస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఎగ్జాస్ట్ పనిచేస్తుంది. వెనుక అడ్డు తగ్గగానే టర్బైన్ ఉత్సాహంగా తిరుగుతుంది, చిన్న వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకున్నా అదనపు వాయువును మళ్లించలేక, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ తానే పైకి పాకుతుంది. బూస్ట్ క్రీప్ అనే ఈ జబ్బుకు మ్యాపులో మందు లేదు. ఎలక్ట్రానిక్ నియంత్రణ వేస్ట్‌గేట్‌ను మూసి ఉంచగలదే తప్ప, స్ప్రింగు తెరిచినదానికంటే ఎక్కువ తెరవలేదు. రంధ్రాన్ని పెద్దది చేయాలి, లేదా బయటి వేస్ట్‌గేట్ పెట్టాలి. ఈ క్రీప్‌ను సరిచేయకుండా, నాక్ రాకుండా నీళ్లు చల్లుతూ నెట్టుకొచ్చే కార్లున్నాయి. వాటిలో ట్యాంకు ఖాళీ అయిన రోజున ఇంజిన్‌ను కాపాడేది ఏదీ ఉండదు.

కాబట్టి వరుస ముఖ్యం. మొదట ఎగ్జాస్ట్ బిగించి, లీకులు లేవని చూసుకుని, వేస్ట్‌గేట్ స్ప్రింగు మాత్రమే పనిచేసేలా ఉంచి బూస్ట్ నిలకడగా ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత నీళ్లు లేకుండానే, మామూలు పెట్రోలుతో ఒక సురక్షితమైన పూర్తి మ్యాపు తయారుచేయాలి. అది తయారయ్యాకే పంపుకు కరెంటు ఇవ్వాలి. లీకుల విషయం ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది: లాంబ్డా సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ జాయింటు దగ్గర లీకు ఉంటే, వాయువు తరంగాల మధ్య పీడనం పడిపోయిన క్షణాల్లో బయటి గాలి లోపలికి చొరబడి, మిశ్రమం పలుచగా ఉన్నట్టు సెన్సర్ తప్పు చెబుతుంది. దాన్ని నమ్మి పెట్రోలు పెంచుకుంటూ పోయినవారు ఆఖరికి నల్లటి పొగ చూస్తారు. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను (విస్తృత పరిధిలో కొలిచే లాంబ్డా సెన్సర్‌ను) టర్బైన్ తర్వాతే పెట్టాలి. ముందు పెడితే అక్కడి పీడనం, వేడి రెండూ దాని కొలతను చెడగొడతాయి.

నాజిల్, పంపు, నీటి మోతాదు

పిచికారీ నాణ్యత తుంపర సన్నదనం మీద ఆధారపడుతుంది, అది పీడనం మీద. అందుకే ఈ కిట్లలో 10 బార్, కొన్నిటిలో 15 బార్ దాకా ఇచ్చే డయాఫ్రమ్ పంపులుంటాయి. నాజిల్ ప్రవాహం పీడన భేదానికి వర్గమూలంగా మారుతుంది అన్న సూత్రం చిన్నదే గానీ, కంట్రోలర్ ఎంపిక అంతా దానిమీదే తేలుతుంది. పంపు 10 బార్ ఇస్తుండగా బూస్ట్ 1.4 బార్ ఉంటే నాజిల్‌కు దక్కేది 8.6 బార్. ప్రవాహాన్ని సగానికి తగ్గించాలంటే ఆ భేదాన్ని నాలుగో వంతుకు, అంటే 2.15 బార్‌కు దించాలి. ఆ పీడనంలో నాజిల్ తుంపర చల్లదు, చుక్కలు కారుస్తుంది. పంపు వేగాన్ని మార్చి మోతాదు మార్చే కంట్రోలర్లు చవకైనవే అయినా వాటి నిజమైన పరిధి ఇందుకే చిన్నది. పంపును ఎప్పుడూ పూర్తి పీడనంలో ఉంచి, నాజిల్ ముందున్న వేగవంతమైన వాల్వ్‌ను సెకనుకు పదులసార్లు తెరిచి మూసే పద్ధతి ఖరీదైనది గానీ, పెట్రోలు ఇంజెక్టర్ల డ్యూటీని (అవి తెరిచి ఉండే కాలపు శాతాన్ని) అనుసరించి మోతాదును ఇంధనంతోపాటు పెంచగలదు.

నాజిల్‌ను ఎక్కడ పెట్టాలన్నది తరచూ వాదనకు దారితీస్తుంది. ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే తలుపుకు) కొంచెం ముందు పెట్టడం మామూలు. కంప్రెసర్‌కు ముందు పెడితే గాలి నొక్కుకుపోతున్నప్పుడే చల్లబడుతుంది గానీ, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రం అంచులను చుక్కలు అరగదీస్తాయి. ప్లీనంలో (సిలిండర్లకు గాలిని పంచే పెట్టెలో) పెడితే దగ్గరి సిలిండర్లకు ఎక్కువ, దూరపు సిలిండర్‌కు తక్కువ అందుతుంది. నీళ్లు తక్కువ అందిన సిలిండర్ నాక్ హద్దే మొత్తం ఇంజిన్ హద్దు అవుతుంది. ఒక్కో సిలిండర్ దారిలో ఒక్కో చిన్న నాజిల్ పెట్టడం దీనికి సరైన పరిష్కారం, ఖర్చు భరించగలిగితే. థ్రాటిల్‌కు ముందు గానీ తర్వాత గానీ, ట్యాంకు నాజిల్‌కంటే ఎత్తులో ఉన్నా, నాజిల్ శూన్య పీడనం వైపు ఉన్నా, పంపు ఆగాక కూడా ద్రవం దానంతటది కారిపోతుంది. నాజిల్ పక్కనే సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) పెడితే ఆ బెడద పోతుంది, గొట్టం నిండుగా ఉండటం వల్ల పిచికారీ కూడా జాప్యం లేకుండా మొదలవుతుంది.

ఇన్‌టేక్ ఉష్ణోగ్రత సెన్సర్ నాజిల్ తర్వాత ఉంటే అది తడిసిపోతుంది. తడి సెన్సర్ తన మీద నీరు ఆవిరవడం వల్ల గాలి అసలు ఉష్ణోగ్రతకంటే తక్కువ చూపుతుంది. ఈసీయూ అది నమ్మి స్పార్క్‌ను తనంతట తాను ముందుకు జరుపుతుంది. ఫలితాలు చూపించాలని తహతహలాడే ప్రకటనల్లో కనిపించే అద్భుతమైన ఉష్ణోగ్రత అంకెల్లో కొన్ని ఇలా పుట్టినవే. సెన్సర్‌ను నాజిల్‌కు ముందు ఉంచి, చల్లదనం లాభాన్ని మ్యాపులో మనమే రాసుకోవడం నిజాయితీ గల పద్ధతి.

మ్యాపులో జరిగేది

నీటి పిచికారీ మొదలైనప్పుడు ముందుగా కదిలే అంకె లాంబ్డా, అంటే నిజంగా అందుతున్న గాలిని ఇంధనం పూర్తిగా మండటానికి కావలసిన గాలితో భాగిస్తే వచ్చేది; ఒకటికంటే తక్కువైతే ఇంధనం ఎక్కువన్నమాట. మన ఉదాహరణలో పిచికారీ అయ్యే మూడున్నర గ్రాముల పైచిలుకులో మిథనాల్ బరువు 1.6 గ్రాములు. మిథనాల్‌కు ఆరున్నర వంతుల గాలి చాలు కాబట్టి, గాలి వాడకంలో అది సుమారు 0.7 గ్రాముల పెట్రోలుకు సమానం, అంటే మొత్తం పెట్రోలులో మూడు శాతం. 0.78 ఉన్న లాంబ్డా 0.76 దగ్గరికి జారుతుంది. నీరు దహనాన్ని మందగింపజేస్తుంది, మిశ్రమం చిక్కబడుతుంది, టైమింగ్ మాత్రం పాతదే: కిట్ బిగించగానే శక్తి తగ్గినట్టు అనిపించడానికి కారణం ఇదే. మీటరు మీద గాలి–ఇంధన నిష్పత్తి అంకెలకు బదులు లాంబ్డాను చూడటం మేలు, ఎందుకంటే రెండు ఇంధనాలు కలిసినప్పుడు 14.7 అన్న అంకెకు అర్థం పోతుంది, లాంబ్డా 1 అన్న అంకెకు మాత్రం అర్థం పోదు.

కాబట్టి మొదటి పని, చల్లబరచడానికి పోస్తున్న పెట్రోలును మెల్లగా వెనక్కి తీయడం. ఇప్పుడు ఆ పని నీరు చేస్తుంది కాబట్టి లాంబ్డాను 0.82 దాకా, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఒప్పుకుంటే ఇంకొంచెం పైకి తీసుకురావచ్చు. తర్వాతే టైమింగ్. ఒకే గేరులో, ఇంజిన్ తన సాధారణ వేడికి చేరాక, 2,500 నుంచి 7,000 ఆర్‌పీఎం దాకా లాగి, లాగ్‌లో (ఈసీయూ నమోదు చేసిన రికార్డులో) బూస్ట్, లాంబ్డా, టైమింగ్, నాక్ వల్ల తగ్గిన డిగ్రీలు, వేస్ట్‌గేట్ డ్యూటీ, పిచికారీ ప్రవాహం, అన్నీ ఒకే కాలరేఖ మీద చూడాలి. టైమింగ్‌ను అర డిగ్రీ చొప్పున పెంచుతూ పోతే, ప్రతి అడుగుకూ టార్క్ పెరుగుదల తగ్గుతూ వస్తుంది. ఒక డిగ్రీ కలిపినా టార్క్ ఒక శాతం కూడా కదలని చోట ఆగిపోవాలి, నాక్ కనిపించకపోయినా సరే. అక్కడి నుంచి పైకి కలిపే ప్రతి డిగ్రీ సిలిండర్ పీడనాన్ని పెంచుతుందే తప్ప చక్రాలకు ఏమీ ఇవ్వదు. పైగా నీరు నాక్‌ను అణచివేయడం వల్ల హెచ్చరిక లేకుండానే కనెక్టింగ్ రాడ్ల బలం హద్దు దాటేసే ప్రమాదం ఇక్కడే ఉంది. మామూలు కారులో నాక్ ఒక కాపలాదారు. నీళ్లు చల్లి అతన్ని పక్కకు తప్పించినప్పుడు ఆ కాపలా ట్యూనర్ చేయాలి.

లాగ్‌లో టార్క్ గీత మధ్యలో తూట్లు పడ్డట్టు కనిపిస్తే, నాక్ లేకపోతే, అది మిస్‌ఫైర్. తేమతో నిండిన ఒత్తైన మిశ్రమంలో స్పార్క్ దూకలేకపోతోందని అర్థం. ప్లగ్ సందును 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లకు తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే నీళ్ల మోతాదు అవసరానికి మించి ఉంది. నీళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది నిజం కాదు.

ట్యాంకు ఖాళీ అయితే

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మెసర్‌ష్మిట్ 109 విమానాల ఇంజిన్లకు జర్మన్లు ఎండబ్ల్యూ 50 పేరుతో నీరు–మిథనాల్ మిశ్రమాన్నీ, అమెరికన్లు పీ-47 థండర్‌బోల్ట్‌కు నీటి ఇంజెక్షన్‌నూ అమర్చారు. పైలట్ కొద్ది నిమిషాల అత్యవసర శక్తికే వాటిని వాడేవాడు. రోడ్డు కారుకు వచ్చేసరికి 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ 10.25 కంప్రెషన్ నిష్పత్తితో టర్బోను కలిపి, నాక్ రాకుండా నీరు, మిథనాల్ కలిసిన ద్రవాన్ని వాడింది. ద్రవం అయిపోతే బూస్ట్‌ను పరిమితం చేసే ఏర్పాటు అందులో ఉంది. యజమానులు ట్యాంకు నింపడం మర్చిపోయేవారు, కారు నీరసంగా నడిచేది, ఫిర్యాదులు పెరిగాయి. చివరికి చాలా కార్లలో టర్బోలను తీసి మామూలు కార్బ్యురేటర్ బిగించారు. ఇంజిన్ రక్షణ పరంగా ఆ ఏర్పాటు సరిగ్గానే పనిచేసింది, వ్యాపారపరంగా ఓడింది. 2016లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ మిథనాల్ లేకుండా స్వచ్ఛమైన నీటినే ఐదు లీటర్ల ట్యాంకులో మోస్తూ, మామూలు ఎం4 ఇచ్చే 431 హార్స్‌పవర్‌ను 500కు చేర్చింది. నీళ్లు అయిపోతే అది కూడా బూస్ట్, టైమింగ్‌లను తగ్గించుకుని నడుస్తుంది.

తర్వాత బిగించుకునే కిట్లలో చాలావాటికి ఉండేది ట్యాంకులో ద్రవం తగ్గిందని చెప్పే దీపం ఒక్కటే. అది చాలదు. పంపు కాలిపోవచ్చు, గొట్టం ఊడిపోవచ్చు, ఫిల్టరు మూసుకుపోవచ్చు. ట్యాంకు నిండుగానే ఉంటుంది, దీపం వెలగదు. నాజిల్‌కు వెళ్లే గొట్టంలో ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉండాలి, ఆ అంకె కనిష్ఠ స్థాయికి తగ్గినా, గొట్టం ఊడిపోయినప్పటిలా గరిష్ఠ స్థాయిని మించినా, ఈసీయూ వేస్ట్‌గేట్ సొలినాయిడ్‌కు కరెంటు ఆపి, నీళ్లు లేకుండా ముందే తయారుచేసిన మ్యాపుకు మారాలి. ఆ మార్పును మాటల్లో నమ్మకూడదు. తక్కువ బూస్ట్‌లో, సురక్షితమైన టైమింగ్‌తో, పంపు కనెక్టర్ తీసేసి నడిపి, లాగ్‌లో ఎన్ని మిల్లీసెకన్లలో బూస్ట్ స్ప్రింగు పీడనానికి పడిందో చూసుకున్నాకే దూకుడు మ్యాపును ఎక్కించాలి.

మిథనాల్‌ను ఇంట్లో ఉంచుకునేవారికి రెండు మాటలు. అది తాగితేనే కాదు, చర్మం ద్వారా, ఆవిరి ద్వారా కూడా విషమే. శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. 12 డిగ్రీల దగ్గరి నుంచే దాని ఆవిరి అంటుకోగలదు, మంట పగటి వెలుతురులో కనిపించదు. కలిపేటప్పుడు చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. ట్యాంకును ఎగ్జాస్ట్‌కు దూరంగా, గొట్టాలను వేడి తగలని దారిలో ఉంచాలి. అద్దాలు తుడిచే ద్రవాన్ని మిథనాల్‌కు బదులుగా పోసేవారు అందులోని రంగులు, సబ్బు నాజిల్‌లో పేరుకుంటాయని గుర్తుంచుకోవాలి. నీటి భాగానికి స్వేదనజలమే వాడాలి, లేదంటే ఖనిజాలు అంతే పని చేస్తాయి. మిథనాల్ అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి దానికి తగ్గ ప్లాస్టిక్ ట్యాంకు, స్టెయిన్‌లెస్ స్టీలు అమరికలు వాడటం ఉత్తమం.

నెలల తరబడి వాడాక నాజిల్ ప్రవాహం మెల్లగా తగ్గుతుంది, ఆ తగ్గుదల లాగ్‌లో ఒక్కరోజులో కనిపించదు. నాజిల్‌ను విప్పి ఒక కొలత సీసాలో పెట్టి, పంపును పూర్తి పీడనంతో ఒక నిమిషం నడిపితే వచ్చిన మిల్లీలీటర్లను కొత్తలో రాసుకున్న అంకెతో పోల్చవచ్చు. సీసాలో బూస్ట్ ఉండదు కాబట్టి రెండు కొలతలూ ఒకే పద్ధతిలో తీయాలి. పది శాతం తగ్గితే ఫిల్టరు మార్చి మళ్లీ కొలవాలి, అప్పటికీ రాకపోతే నాజిల్ మార్చాలి. అది మార్చేదాకా మ్యాపులో ఒకటి రెండు డిగ్రీల టైమింగ్ తీసేసి నడపడం పిస్టన్ల ధరతో పోలిస్తే చాలా చవక.